మీ దగ్గర పనిచేసేవాళ్ళు సొంతిల్లు కొనుక్కోవాలంటే ఓనరుగా మీరేం చెయ్యాలి, అసలెందుకు చెయ్యాలి

మాది తిరుపతి దగ్గర గాజులమండ్యం ఇండస్ట్రియల్ ఎస్టేట్‌లో చిన్న ప్లాస్టిక్ మౌల్డింగ్ యూనిట్, ఆఫీసు, వాచ్‌మన్ అందరినీ కలిపినా నలభై మంది దాటరు. మూడేళ్ళ కింద మా దగ్గర అందరికన్నా బాగా పనిచేసే ఆపరేటర్ ఒకతను ఒక సోమవారం పొద్దున వచ్చి మానేస్తా సార్ అన్నాడు. నేనేమో జీతం గురించే అనుకోని, ఎంత కావాల్నో చెప్పబ్బా అని అడిగా. "జీతం కాదు సార్, బాడుగిల్లు ఖాళీ చెయ్యమన్నారు, నాలుగేళ్ళలో ఇది మూడో ఇల్లు, పిల్లోడి స్కూలు మార్చీ మార్చీ సాలయిపాయె, మా మామోళ్ళ ఊరు సూళ్ళూరుపేట పక్కన, అక్కడ ఉండేదానికి ఇల్లుంది, శ్రీసిటీలో ఏదో ఒక పని చూసుకుంటా" అన్నాడు. నా దగ్గర మాట లేదు. అతని జాగాలో వచ్చిన పిల్లోడు రెండో వారంలోనే అచ్చులో పీసు ఇరుక్కుంటే స్క్రూడ్రైవర్ పెట్టి గెలికి అచ్చు గీతలు పడేట్టు చేశాడు, పాలిషింగుకి నలభై వేలు, పది రోజులు ఆ మెషిను ఊరికే నిలబడింది, కస్టమర్ ఫోన్లు వేరే.

ఆ రోజు రాత్రి కూర్చోని లెక్క వేసుకున్నాక అర్థమయ్యింది ఏందంటే, మనిషికి జీతం పెంచడం ఒకటి, మనిషి ఈ ఊర్లో నిలబడేట్టు చెయ్యడం ఇంకొకటి. జీతం ఎవరైనా పెంచుతారు, పక్క యూనిట్ వాడు వెయ్యి జాస్తి ఇస్తానంటే అయిపాయె. అదే కరకంబాడి దగ్గరో చెర్లోపల్లి దగ్గరో సొంతిల్లు ఉన్నోడు, పిల్లలు అక్కడి స్కూల్లో, భార్య ఆ వీధిలోనే టైలరింగ్ చేసుకుంటా ఉంటే, వెయ్యి రూపాయలకి యాడికీ పోడు. పైగా పుత్తూరు, నగరి, శ్రీకాళహస్తి నుంచి రోజూ బస్సో బైకో ఎక్కి వచ్చేవాళ్ళకి, అరగంటలో వచ్చేవాళ్ళకి నైట్ షిఫ్ట్ అటెండెన్స్‌లో ఉండే తేడా రిజిస్టర్ తిప్పితే కనిపిస్తుంది, వానాకాలం నెలలు చూస్తే ఇంకా బాగా కనిపిస్తుంది. ఇదేమీ కొత్త ఐడియా కాదులే, టాటా వాళ్ళు జంషెడ్‌పూర్ కట్టింది ఎప్పుడు, మన రేణిగుంటలో రైల్వే క్వార్టర్లు ఎప్పటివి. కాకపోతే క్వార్టర్ అంటే ఇల్లు ఉద్యోగంతో వస్తుంది, ఉద్యోగంతోనే పోతుంది, రిటైరయినాక సామాన్లు లారీకి ఎక్కించాల్సిందే. నేను చెప్పేది అది కాదు. మనోడి పేరు మీదనే రిజిస్టర్ అయ్యే ఇంటి గురించి.

చాలామంది ఓనర్లు ఈ మాట ఎత్తగానే "మనమే తిప్పలు పడతా ఉంటే వర్కర్లకి ఇల్లు కట్టిచ్చేదానికి దుడ్లు యాడివి" అంటారు. ఇల్లు కట్టించమని ఎవరూ అడగడంలే. నాకు తెలిసినకాడికి మన వర్కర్‌కి ఈఎంఐ పెద్ద సమస్య కాదు, ఎట్లాగూ బాడుగ కడతానే ఉండాడు. అతను ఆగిపోయేది రెండు చోట్ల. ఒకటి, మొదట్లో ఒక్కసారిగా పెట్టాల్సిన మొత్తం. రెండు, కాగితాలు. ఈ రెండిట్లో ఓనర్ చెయ్యి వేస్తే చాలు, మిగతాది బ్యాంకు చూసుకుంటుంది.

లెక్క చెప్తా. ఊరికే ఉదాహరణకి 16 లక్షల చిన్న ఫ్లాట్ అనుకోండి, పాతది. 30 లక్షల లోపు లోన్లకి బ్యాంకు ఇంటి విలువలో 90 శాతం దాకా ఇవ్వొచ్చని రిజర్వ్ బ్యాంకు రూల్, అంటే 14 లక్షల 40 వేలు. మిగతా లక్షా 60 వేలు మనోడు పెట్టుకోవాల. దాని మీద రిజిస్ట్రేషన్, మన ఆంధ్రాలో స్టాంప్ డ్యూటీ 5, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ ఒకటిన్నర, రిజిస్ట్రేషన్ ఫీజు 1, మొత్తం ఏడున్నర శాతం, అంటే ఇంకో లక్షా 20 వేలు, ఇది బ్యాంకు మామూలుగా లోన్‌లో కలపదు. మొత్తం 2 లక్షల 80 వేలు చేతిలో ఉంటేనే పని మొదలవుతుంది, లీగల్ ఒపీనియన్, వాల్యుయేషన్ ఫీజులు వేరే. ఈఎంఐ ఏమో ఎనిమిదిన్నర శాతం వడ్డీకి ఇరవై ఏళ్ళకి లక్షకి 868 రూపాయలు, అంటే నెలకి 12,500. ఏడు వేలు బాడుగ కడతా ఉన్నోడికి 26 వేల జీతం ఉంటే కష్టంగానైనా ఇది లాగొచ్చు, భార్య కూడా సంపాదిస్తా ఉంటే ఇంకా ఈజీ. కానీ ఆ 2 లక్షల 80 వేలు? అక్కడే వడ్డీ వ్యాపారి దగ్గరికి పోతాడు, నూటికి మూడు రూపాయల వడ్డీ, ఇల్లు చేతికి రాకముందే మునిగిపోతాడు. లేదంటే భార్య నగలు కుదువ పెడతాడు.

ఇప్పుడు పీఎఫ్ చూడండి. మీరు 15 వేల మీద పీఎఫ్ కడతా ఉంటే వర్కర్ వాటా 1,800, మన 12 శాతంలో పెన్షన్‌కి పోగా పీఎఫ్ ఖాతాలో పడేది 550, నెలకి 2,350. ఐదేళ్ళలో వడ్డీతో కలిపి లక్షా 70 వేల దాకా అవుతుంది. ఇల్లు కొనేదానికి ఈ పీఎఫ్ తీసుకోవచ్చు, ఇన్నాళ్ళూ ఉన్న రూల్ ప్రకారం ఐదేళ్ళ సర్వీసు ఉంటే ఇంటికి 36 నెలల వేతనం దాకా, ఉత్త స్థలానికైతే 24 నెలల దాకా, ఖాతాలో ఎంతుంటే అంత లోపు. 2025 అక్టోబరులో పీఎఫ్ ట్రస్టీల బోర్డు దీన్ని ఇంకా సడలించి కనీస సర్వీసు 12 నెలలు చెయ్యాలని, ఖాతాలో 25 శాతం మాత్రం కదపకుండా ఉంచాలని నిర్ణయించింది, కాబట్టి క్లెయిమ్ వేసే రోజు పోర్టల్‌లో ఏ రూల్ నడుస్తా ఉందో చూసుకోని వెయ్యండి. పాత లెక్కే పట్టుకున్నా లక్షా 70 వేలు వచ్చిందనుకోండి, ఇంకా తక్కువ పడేది లక్షా 10 వేలు. చూశారా, ఒక మనిషికి సొంతిల్లు రాకుండా ఆపతా ఉండేది మనకి ఒక లోడ్ ప్లాస్టిక్ గ్రాన్యూల్స్ కొనే దుడ్లు కూడా కాదు.

ఆ లక్షా 10 వేలు మీరు వడ్డీ లేకుండా ఇచ్చి, నెలకి 2,000 చొప్పున 55 నెలలు కట్ చేసుకోండి. మీకు పోయేది వడ్డీ మాత్రమే, పది శాతం లెక్కన చూసినా మొత్తం 55 నెలలకి పాతిక వేలు అటూ ఇటూ. నా అచ్చు పాలిషింగ్ ఖర్చే నలభై వేలు అని చెప్పా కదా.

ఇప్పుడు ఎట్లా చెయ్యాలో వరసగా చెప్తా, కానీ ముందు మన తప్పు ఒకటి ఒప్పుకోవాల. పీఎఫ్ తగ్గించుకునేదానికి బేసిక్ తొమ్మిదో పదో వేలు చూపించి మిగతాది కన్వేయన్స్ అనీ, వాషింగ్ అనీ, ఇంకొంచెం కవర్లో పెట్టీ ఇచ్చే అలవాటు మన ఎస్టేట్లలో చాలామందికి ఉంది, నాకూ ఉండేది. బ్యాంకు మేనేజర్ ముందు మా వర్కర్ పే స్లిప్ పెడితే ఆయన చూసి, "ఈ జీతానికి నేను ఆరు లక్షలు కూడా ఇవ్వలేను సార్, చేతికి ఎంత వస్తుందో అతను చెప్తా ఉండాడు, కాగితం మీద లేదు కదా" అన్నాడు. నాకు తల కొట్టేసినట్టయ్యింది. నేను నెలకి ఐదారొందలు మిగిల్చుకున్నందుకు అతనికి ఇల్లే రాకుండా పొయ్యేట్టుంది. కాబట్టి ఫస్ట్ పని ఇదే, జీతం మొత్తం బ్యాంకు ఖాతాలో వెయ్యండి, పే స్లిప్ నిజంగా ఇవ్వండి, పీఎఫ్ సరైన వేతనం మీద కట్టండి, ఏడాది జీతం, ట్యాక్స్ లెక్క చూపించే సర్టిఫికెట్, అంటే ఫారం 16 ఇవ్వండి, ట్యాక్స్ పడకపోయినా రెండేళ్ళు రిటర్న్ వేయించండి. బ్యాంకులు మామూలుగా ఆరు నెలల స్టేట్‌మెంట్, రెండేళ్ళ రిటర్న్ అడుగుతాయి, అంటే ఈ రోజు మొదలుపెడితే మీ వర్కర్ ఏడాది తర్వాత రెడీ అవుతాడు, ఈ నెల అడిగితే వచ్చే నెలకి అయ్యే పని కాదిది.

యూఏఎన్‌లో, అంటే వర్కర్ పీఎఫ్ నంబర్ రికార్డులో, పేరు, పుట్టిన తేదీ ఆధార్‌తో సరిపోతా ఉందా అని ఇప్పుడే చూసి పెట్టుకోండి. మావాళ్ళలో సగం మందికి తప్పే, ఒకతనికి పాత కంపెనీ తండ్రి పేరు జాగాలో ఊరి పేరు ఎక్కించింది. ఇల్లు బేరం అయినాక, అడ్వాన్స్ ఇచ్చినాక ఇవి దిద్దుకుంటా కూర్చుంటే అమ్మేవాడు ఆగడు. అట్లే సిబిల్ స్కోర్, అంటే పాత అప్పులు ఎట్లా కట్టాడో చూసి వేసే మార్కు, ఫోన్ యాప్ లోన్లు తీసుకోని కట్టకుండా వదిలేసినవి పిల్లోళ్ళకి గుర్తు కూడా ఉండవు, మూడు వేల లోన్ ఒకటి పద్నాలుగు లక్షల లోన్‌ని ఆపేస్తుంది. మా ఆఫీసు అమ్మాయి ఒక శనివారం సాయంత్రం అందరినీ కూర్చోబెట్టి వాళ్ళ వాళ్ళ ఫోన్లలోనే చూపించింది. ఆ రోజు కొన్ని మొహాలు చూడాల.

తర్వాత స్కీమ్ సంగతి. 2024 సెప్టెంబరు నుంచి ప్రధానమంత్రి ఆవాస్ యోజన అర్బన్ రెండో విడత నడుస్తా ఉంది. ఇంట్లోవాళ్ళ ఆదాయం ఏడాదికి 9 లక్షల లోపు ఉండి, దేశంలో యాడా పక్కా ఇల్లు లేకపోతే, 35 లక్షల లోపు ఇంటికి 25 లక్షల లోపు లోన్ తీసుకుంటే, మొదటి 8 లక్షల మీద 4 శాతం వడ్డీ సబ్సిడీ, మొత్తం మీద లక్షా 80 వేల దాకా, ఐదు వాయిదాల్లో వస్తుంది. ఇది లోన్ ఖాతాకే జమ అవుతుంది, చేతికి రాదు, కాబట్టి మొదటి ఖర్చుకి దీన్ని నమ్ముకోవద్దని ముందే చెప్పండి. భార్య పేరు కూడా రిజిస్ట్రేషన్‌లో ఉండేట్టు చూడమనండి, స్కీమ్ కోసం అని కాదు, రేపు ఏమన్నా జరిగితే ఆమెకి కాగితం ఉండాల.

ఇప్పుడు అసలు కథ, స్థలం. తిరుపతిలో ఇల్లు కొనేవాడికి బ్యాంకు కన్నా పెద్ద గండం ఇదే, ఓనర్లుగా మనకి తెలిసిన లాయర్, మనకి తెలిసిన డాక్యుమెంట్ రైటర్ ఉంటారు కాబట్టి డబ్బుల కన్నా జాస్తి సాయం ఇక్కడ చెయ్యొచ్చు. మా దగ్గర నాయుడుపేట నుంచి వచ్చిన పిల్లోడు ఒకడు ఒక రోజు సంబరంగా వచ్చి "30 అంకణాలు సార్, ఇంత చీప్‌గా యాడా రాదు" అన్నాడు. ఎన్ని అడుగులురా అంటే "2,160 సార్" అన్నాడు. నాకు నవ్వొచ్చింది. నెల్లూరు వైపు అంకణం అంటే 72 చదరపు అడుగులు, మన తిరుపతిలో 36. వాడు కొనబోయేది 1,080 అడుగులు, అంటే 120 గజాలే. కొత్త జిల్లా అయ్యాక నాయుడుపేట కూడా తిరుపతి జిల్లాలోకే వచ్చింది, కొలత మాత్రం ఎవరి కొలత వాళ్ళ దగ్గరే ఉంది. కాబట్టి మీ పిల్లోళ్ళకి ఒకటే చెప్పండి, అంకణాల లెక్క వినండి, అగ్రిమెంట్‌లో మాత్రం చదరపు గజాల్లో రాయించుకోండి.

అంత మాత్రమైతే పర్వాలేదు, ఆ స్థలానికి ఈసీ (దాని మీద జరిగిన రిజిస్ట్రేషన్లు, తాకట్లు చూపించే సర్టిఫికెట్) తీయించి లింకు డాక్యుమెంట్లు, అంటే ముందు చేతులు మారిన పాత దస్తావేజులు, అడిగితే అమ్మేవాడు నసుగుతా ఉండాడు, మా లాయర్ సర్వే నంబర్ చూసి డీకేటీ అన్నాడు. డీకేటీ అంటే గవర్నమెంట్ పేదోళ్ళకి సాగు కోసం ఇచ్చిన భూమి, 1977 చట్టం కింద అమ్మేదానికి కొనేదానికి లేదు, ఈ మధ్య సడలింపులు వచ్చాయి గానీ అవి మీ ముందున్న కాగితానికి వర్తిస్తాయా లేదా అన్నది బ్రోకర్ మాట మీద తేల్చుకునేది కాదు. మన చుట్టుపక్కల డీకేటీలే కాదు, మఠం భూములు ఉండాయి, గుడి మాన్యాలు ఉండాయి, చెరువు పోరంబోకు ఉంది. రిజిస్ట్రేషన్ చట్టంలోని 22ఏ నిషేధిత జాబితాలో ఉంటే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్ట్రేషనే అవ్వదు, నోటరీ కాగితం మీద అమ్మేసి పోతారు, పది రూపాయల స్టాంప్ పేపర్ చూపించి ఇదే పట్టా అంటారు. తుడా (తిరుపతి పట్టణాభివృద్ధి సంస్థ) అప్రూవల్ లేని లేఅవుట్ అయితే బ్యాంకు లోపలికే రానీదు. అందుకే మా దగ్గర రూల్ ఏందంటే, అడ్వాన్స్ ఇవ్వక ముందు సర్వే నంబర్, ముప్పై ఏళ్ళ ఈసీ, లింకు డాక్యుమెంట్లు మా లాయర్ టేబుల్ మీదికి రావాల, ఆ ఫీజు కంపెనీ కడుతుంది. మేము ఇచ్చే లోన్ కన్నా ఇది మేలైన సాయం అని నా నమ్మకం, ఎందుకంటే ఫీజు నాలుగైదు వేలు, కాపాడేది జీవితకాలం దాచుకున్న దుడ్లు. ఆ నాయుడుపేట పిల్లోడు నాతో రెండు నెలలు సరిగ్గా మాట్లాడలేదు, మంచి బేరం చెడగొట్టానంట. ఇప్పుడు మాట్లాడతాడు లెండి.

కంపెనీ లోన్‌కి ఒక్క పేజీ పాలసీ రాసి, తెలుగులో టైప్ చేయించి నోటీసు బోర్డు మీద అంటించండి. ఎన్నేళ్ళ సర్వీసు ఉండాలి, మాది మూడు, ఎంత దాకా ఇస్తారు, ఏడాదికి ఎంతమందికి, ఎవరికి ముందు. మొదటిసారి నేను ఇవేమీ రాయకుండా నాకు ఇష్టమైన ఒకతనికి ఇచ్చి, లోపల పెద్ద గొడవ తెచ్చుకున్నా. క్యాంటీన్‌లో నా మీద ఏమనుకున్నారో నాకు ఇప్పటికీ పూర్తిగా చెప్పరు. ఇప్పుడు సర్వీసు సీనియారిటీ, అంతే, సమానంగా ఉంటే చీటీ తీస్తాం. దుడ్లు వర్కర్ చేతికి ఇవ్వకుండా అమ్మేవాడి పేరు మీద డీడీనో, రిజిస్ట్రేషన్ చలానాకో కట్టండి. ఇది అనుమానం కాదు, అతని చేతిలో లక్ష ఉందని తెలిస్తే చుట్టాలు ఊరుకోరు.

జీతంలో కట్ చేసేదానికి అతని సంతకంతో రాతపూర్వకంగా తీసుకోండి, అన్ని కటింగులూ కలిపి జీతంలో సగం దాటకూడదని చట్టం. వడ్డీ లేకుండా ఇచ్చే లోన్ మీద స్టేట్ బ్యాంకు ఆ ఏడాది ఏప్రిల్ 1న ఇలాంటి లోన్‌కి ఏ రేటు పెట్టిందో ఆ లెక్కన మిగిలే వడ్డీని ఉద్యోగి ఆదాయంలో కలపాలి, చిన్న మొత్తాలకి మినహాయింపు ఉంది, ఆడిటర్‌ని ఒక్క మాట అడిగి పెట్టుకోండి. మన వర్కర్ల జీతాలకి ఎట్లాగూ చాలామందికి ట్యాక్స్ పడదు, సూపర్‌వైజర్ల దగ్గరే చూసుకోవాల. హోమ్ లోన్ అప్లికేషన్‌లో కంపెనీ లోన్ దాచిపెట్టొద్దని కూడా చెప్పండి, బ్యాంకోళ్ళు పే స్లిప్‌లో కటింగ్ చూస్తారు, ముందే చెప్తే లెక్కలో పెట్టుకుంటారు, దాస్తే ఫైలు పక్కన పడేస్తారు.

ఇంకోటి, దీన్ని మాత్రం నేను గట్టిగా చెప్తా. ఇది విన్న ఒక ఫ్రెండు, చిత్తూరు వైపు మామిడి గుజ్జు ఫ్యాక్టరీ ఆయనది, "భలే ఉందే, లోన్ తీరేదాకా యాడికీ పోలేడు కదా" అన్నాడు. అట్లా అనుకునేవాళ్ళు దయచేసి ఇది చెయ్యకండి. అప్పు ఇచ్చి మనిషిని పనికి కట్టేసుకునే దాన్ని మన దేశంలో 1976లోనే చట్టం పెట్టి నిషేధించారు, ఇటుక బట్టీల్లో జరిగేది ఫ్యాక్టరీలో జరిగితే పేరు మారదు. మా పాలసీలో రాసుకుంది ఏందంటే, మానేసిపోతే మిగిలిన బాకీ అదే నెలవారీ వాయిదాల్లో బ్యాంకు ఖాతా నుంచి కట్టొచ్చు, మానేసేటప్పుడు ఇచ్చే ఆఖరి లెక్క, అంటే ఫుల్ అండ్ ఫైనల్‌లో ఒక్కసారిగా కొయ్యం, ఖాళీ చెక్కులు తీసుకోం, ఒరిజినల్ సర్టిఫికెట్లు పెట్టుకోం. ఇంత వదులుగా ఉంటే దుడ్లు ఎగ్గొట్టరా అని అడుగుతారు. ఇప్పటికి ఆరుమందికి ఇచ్చాం, ఒకతను మానేశాడు, ఇప్పుడు వేరే కంపెనీలో ఉండాడు, 2,000 ప్రతి నెలా ఐదో తేదీన పడతానే ఉంది, ఆలస్యమైన నెల ఒక్కటే, అది కూడా ఫోన్ చేసి చెప్పినాక.

అసలు లోన్ ఇచ్చే స్తోమత లేని చిన్న యూనిట్లకి కూడా ఒక దారి ఉంది. ఎస్టేట్‌లో నాలుగైదు యూనిట్లు కలిసి ఒకే బ్రాంచిలో శాలరీ ఖాతాలు పెట్టండి, మేనేజర్‌ని ఒక రోజు షిఫ్ట్ మారే టైమ్‌కి రమ్మనండి, నూట యాభై శాలరీ ఖాతాలు వస్తా ఉంటే ఆయనే వస్తాడు, ప్రాసెసింగ్ ఫీజు తగ్గించమని అడిగే ధైర్యం మీకు ఉంటుంది, వర్కర్ ఒక్కడే పోయి కౌంటర్ ముందు నిలబడితే అడగలేడు. మా దగ్గరికి వచ్చినాయన యూనిఫాంలో ఉండే పిల్లోళ్ళతో గ్రీజు చేతులు చూసి కూడా షేక్‌హ్యాండ్ ఇచ్చి మాట్లాడాడు, ఆ తర్వాత బ్రాంచికి పొయ్యేదానికి వాళ్ళకి భయం పోయింది.

ఆఖర్న చిన్న విషయం, కానీ మర్చిపోకండి. రిజిస్ట్రేషన్ అయిన నెల, గృహప్రవేశం నెల, ఆ రెండు నెలలూ మన 2,000 కటింగ్ పెట్టకండి. ఆ టైమ్‌లో పాలు పొంగించేదానికి కొత్త గిన్నె నుంచి అయ్యోరి దక్షిణ దాకా అన్నీ ఖర్చులే, కరెంటు మీటర్ పేరు మార్పించేది, సీలింగ్ ఫ్యాన్లు కొనేది, చుట్టాలకి భోజనాలు పెట్టేది. మూడో నెల జీతం నుంచి మొదలుపెట్టండి, ఆ తేదీ కూడా పాలసీలోనే రాసి పెట్టండి.